గాలిలో లేచే త్రికోణం: అది భూమ్యాకర్షణను జయించిందా?

వార్షిక సభలో ఏదైనా సైన్సు విషయం మాట్లాడమని కార్యదర్శిగారు కోరినారు. పగలంతా ఉర్దూలో పాఠం చెప్పే నోరు ఇది, తెలుగులో మాట అటూ ఇటూ అయితే పెద్దలు మన్నించవలెను.

2022 డిసెంబరులో మన జిల్లాలోనే, మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుంచి గూడు లాంటి ఒక పెద్ద వస్తువు దిగింది. మీకు గుర్తుండే ఉంటుంది. వేరే లోకపు ఓడ వచ్చిందని చుట్టుపక్కల ఊళ్ల జనం పరుగెత్తినారు. తీరా విచారిస్తే అది హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం ఎగరేసిన బెలూనుకు కట్టిన గూడు. బెలూనులో ఒక వాయువు ఉంటుంది. అది గాలి కంటే తేలిక, కాబట్టి చుట్టూ ఉన్న గాలే దాన్ని పైకి తోస్తుంది. ఓడా లేదు, మాయా లేదు, పని చేసినది గాలి.

నేను ఈ రోజు చెప్పబోయే వస్తువు కథ కూడా గాలి కథే. పేరు లిఫ్టర్. పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి వచ్చి క్లాసులో అడుగుతున్నారు. సన్నని కర్రపుల్లలతో చేసిన త్రికోణం. కిందివైపు చుట్టూ అల్యూమినియం రేకు, దాని పైన రెండు మూడు సెంటీమీటర్ల ఎడంగా వెంట్రుక లాంటి సన్నని తీగ. ఫ్యాను లేదు, రెక్క లేదు, ఇంజను లేదు. కరెంటు పెడితే చిన్నగా బుసకొట్టినట్టు శబ్దం చేస్తూ పైకి లేస్తుంది. కింద రాసి ఉంటుంది: "గురుత్వాకర్షణను జయించిన యంత్రం, ప్రభుత్వాలు దాచిన రహస్యం" అని. గురుత్వాకర్షణను మేము ఉర్దూలో కశిష్ అంటాము. కశిష్ ఎక్కడికీ పోలేదు. జరిగేదేమిటో చెబుతాను.

ఆ తీగకూ రేకుకూ మధ్య ఇరవై ముప్పై వేల వోల్టులు ఉంటాయి. తీగ ఎంత సన్నగా ఉంటే దాని పక్కన విద్యుత్ బలం అంత తీవ్రం. పొడిగాలి సెంటీమీటరుకు సుమారు 30,000 వోల్టుల దాకా తట్టుకుంటుంది. తీగ పక్కన అంతకు మించిపోతుంది కనుక అక్కడి గాలి అణువులు చీలి అయాన్లవుతాయి. చీకట్లో చూస్తే తీగ చుట్టూ ఊదారంగు వెలుగు కనబడుతుంది, ఓజోన్ వాసన వస్తుంది. ఈ అయాన్లను తీగ తోస్తుంది, రేకు లాగుతుంది. అవి కిందికి పరుగు తీస్తూ దారిలో మామూలు గాలి అణువులను కోట్లసార్లు ఢీకొంటాయి. పరిగి బస్టాండులో బస్సు రాగానే సీటు కోసం నలుగురు ఉరికితే, నిలబడ్డ గుంపంతా వారితో పాటు కదిలిపోతుంది చూడండి, అట్లాగే. అయాన్లు కొన్నే, కానీ గాలంతా కిందికి వీస్తుంది. దీన్నే అయాన్ గాలి, విద్యుత్ గాలి అంటారు. యంత్రం గాలిని కిందికి తోస్తే గాలి యంత్రాన్ని పైకి తోస్తుంది. 1687లో న్యూటన్ రాసిన మూడో సూత్రం ఇదే. మన పరిగి చుట్టుపక్కల గుట్టల మీద గాలిమరలు గాలితో కరెంటు చేస్తున్నాయి, ఈ త్రికోణం కరెంటుతో గాలి చేస్తున్నది. అంతే తేడా.

"మీరు చెప్పేదే నిజమని ఎట్లా నమ్మాలి సార్?" అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. శెభాష్ అన్నాను. మామూలుగా మనవాళ్లు సార్ చెప్పినాడని నమ్ముతారు, లేదంటే వీడియోలో చూసినామని నమ్ముతారు, రెండూ ఒకటే జబ్బు. ఆమెకు చెప్పిన జవాబు ఇది. లిఫ్టరును పక్కకు తిప్పి వేలాడదీస్తే పక్కకు తోస్తుంది. తలకిందులు చేస్తే కిందికే తోస్తుంది. భూమి లాగుడును అడ్డుకునే యంత్రమైతే ఎటు తిప్పినా బరువు తగ్గాలి కదా! దానికి భూమి ఎటు ఉన్నదో పట్టింపే లేదు, తీగ ఎటు ఉన్నదో అటే పోతుంది. ధన, రుణ తీగలు తారుమారు చేసినా అటే, ఎందుకంటే అయాన్లు పుట్టేది సన్నని తీగ దగ్గరనే. ఇక పెద్ద పరీక్ష, గాలి తీసేసిన గదిలో పెట్టడం. అక్కడ అది లేవదు.

చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. అమెరికాలో టామస్ టౌన్సెండ్ బ్రౌన్ అనే ఆయన 1920లలో ఈ తోపును చూసి, విద్యుత్తుకూ గురుత్వాకర్షణకూ సంబంధం దొరికిందని నమ్మినాడు. 1928లో బ్రిటన్‌లో పేటెంటు కూడా పొందినాడు. పేటెంటు ఉంటే శాస్త్రం ఒప్పుకున్నట్టే అని చాలామంది భ్రమ. అది హక్కు పత్రం మాత్రమే. 1964లో సెవర్‌స్కీ అనే విమాన ఇంజనీరు ఇటువంటి యంత్రానికే పేటెంటు తీసుకుని, ఇది అయాన్ గాలి అని దాపరికం లేకుండా చెప్పినాడు. 2004లో మార్టిన్ తజ్మార్ అనే శాస్త్రవేత్త జాగ్రత్తగా కొలిచి, బ్రౌన్ చూసినది ఈ గాలినే, గురుత్వాకర్షణతో సంబంధం లేదని తేల్చినాడు.

అంతరిక్షంలో గాలి లేదు, మరి ఉపగ్రహాలకు అయాన్ ఇంజన్లు ఎట్లా అని కొందరు తెలివిగా అడుగుతారు. అవి తోయడానికి కావలసిన వాయువును వెంట తీసుకుపోతాయి. 2017లో మన ఇస్రో పంపిన జీశాట్-9లో జెనాన్ వాయువు అందుకే ఉన్నది. లిఫ్టరు దగ్గర ఏ వాయువూ లేదు, చుట్టూ ఉన్న హవాయే దిక్కు.

వీడియోలో మనం గమనించనిది ఇంకొకటున్నది. త్రికోణం నుంచి కిందికి సన్నని తీగలు వేలాడుతుంటాయి. కరెంటు పెట్టె నేల మీదనే ఉంటుంది, దాన్ని ఎత్తే శక్తి త్రికోణానికి లేదు. ఒక గ్రాము లేపడానికి సుమారు ఒకటి రెండు వాట్లు కావాలి. ఒక వాటే అనుకున్నా, 60 కిలోల మనిషికి 60,000 వాట్లు. అంటే 5 హార్స్‌పవర్ బోరు మోటార్లు పదహారు ఒక్కసారిగా నడిపినంత! ఎగిరే కారు వస్తుంది, పైసలు పెట్టండి అని ఎవరన్నా మీ గడప తొక్కితే ముందు ఈ లెక్క వేయమనండి.

అట్లాగని ఇది పనికిరాని విద్య కాదు. బొగ్గు కరెంటు చేసే రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల, సిమెంటు పరిశ్రమలోనూ పొగలోని బూడిదను, దుమ్మును పట్టే యంత్రాలు ఉంటాయి. వాటిలోనూ సన్నని తీగలు, ఎత్తయిన వోల్టేజి, అయాన్లే. అయాన్లు దుమ్ముకు అంటుకుంటే పలకలు దుమ్మును లాగేస్తాయి. ఆ దుమ్ము మన ఊపిరిలోకి పోకుండా ఆపుతున్నది ఈ సంగతే. 2018లో అమెరికా ఎం.ఐ.టి.లో స్టీవెన్ బారెట్ బృందం 5 మీటర్ల రెక్కల విమానాన్ని ఈ గాలితోనే సుమారు 60 మీటర్లు ఎగరేసింది. బరువు రెండున్నర కిలోలకు లోపే. బ్యాటరీ కూడా దాని మీదనే ఉన్నది, అదే దాని గొప్ప.

తల్లిదండ్రులకు ఒక మనవి. పాత పిక్చర్ ట్యూబు టీవీ విప్పి అందులోని ట్రాన్స్‌ఫార్మరుతో ఇది చేయవచ్చునని వీడియోలు చెబుతాయి. ఆ ముప్పై వేల వోల్టులు ప్రాణం తీయగలవు. కరెంటు ఆపిన తరువాత కూడా లోపల నిలువ ఉంటుంది. పిల్లలను ముట్టనీయకండి. విద్యుత్ గాలిని చూడాలంటే కళాశాల ప్రయోగశాలలో, చేతితో తిప్పే విమ్స్‌హర్స్ట్ యంత్రం ఉన్నచోట, లెక్చరరుగారి ఎదుట చూడవచ్చు. సూదిమొన ముందు కొవ్వొత్తి పెడితే మంట పక్కకు వంగుతుంది, ఊదేవాడు ఎవడూ లేకుండానే.

సమయమైపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. పిల్లలవి రెండు ప్రశ్నలు తీసుకుంటాను. ముందు వెనుక వరుసలో చెయ్యెత్తిన అమ్మాయి అడగాలి.