గల్ఫుకు పోయే కాగితాలు: ముద్రల కంటే ముందు పేరు



విదేశాలకు పట్టుకెళ్ళే సర్టిఫికెట్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వకీలును కాను, ఏజెంటును అంతకన్నా కాను. ఉర్దూ మీడియం బడిలో పంతులును. అయితే ఈ కాగితాల కథ మొదలయ్యేది మా అడ్మిషన్ రిజిస్టరులోనే కనుక ఒప్పుకున్నాను.

మన పదో తరగతి సర్టిఫికెట్టు నిజమైనదో కాదో దుబాయి కంపెనీవాడికి ఎలా తెలుస్తుందండీ? అందుకే ఒకరి సంతకాన్ని మరొకరు ధ్రువీకరిస్తూ పోతారు. చదువు కాగితాలకు రాష్ట్ర విద్యాశాఖ, జనన వివాహ పత్రాలకు రాష్ట్ర హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ, ఆపైన కేంద్ర విదేశాంగ శాఖ, చివరకు ఆ దేశపు రాయబార కార్యాలయం. ఈ చివరి మెట్టు తప్పించడానికే 1961లో హేగ్ నగరంలో ఒక ఒప్పందం కుదిరింది. ఆ ముద్రను అపోస్టిల్ అంటారు. మన దేశానికి అది 2005 జూలై 14న అమలులోకి వచ్చింది. ఒమన్‌లో 2012లో, బహ్రెయిన్‌లో 2013లో, సౌదీలో 2022 డిసెంబరులో వచ్చింది. దుబాయి, కువైట్, ఖతర్ వెళ్ళేవారికి మాత్రం పాత దారే.

అపోస్టిల్‌కు విదేశాంగ శాఖ తీసుకునేది కాగితానికి 50 రూపాయలు. మామూలు ధ్రువీకరణకు రుసుమే లేదు. కాగితాలు తీసుకునే ఏజెన్సీకి సేవా రుసుము వేరు, రాయబార కార్యాలయాలది మరీ ఎక్కువ. అయినా దళారి వేలకు వేలు చెప్పినప్పుడు ఏ ముద్రకు ఎంత అని అడగడానికి మనకు మొహమాటం దేనికి?

అసలు సంగతి ఇక్కడుంది. ముద్ర చెప్పేది సంతకం నిజమని మాత్రమే. లోపల రాసిన పేరు సరైనదని ఏ ముద్రా చెప్పదు. తప్పు పేరు అన్ని ముద్రలూ వేయించుకొని, విమానమెక్కి, అక్కడ దొరికిపోతుంది.

ఉర్దూలో షేక్ ఒక్కటే. ఇంగ్లీషులో చివర హెచ్ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, ఉత్త ఎస్కే ఒకటి. మహమ్మద్ కాస్తా ఎండీ అవుతాడు. ఆడపిల్లల పేర్ల చివర బీ, బేగం, ఉన్నిసా ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి. మా పాత విద్యార్థి ఒకడు గల్ఫులో ఫిట్టరు. నిఖానామాలో భార్య పేరు బేగం, పాస్‌పోర్టులో బీ. ఇద్దరూ ఒకరేనని రుజువు చేసేసరికి ఏడాది గడిచింది. పిల్లాడు తండ్రిని ఫోనులోనే చూశాడు.

ఊళ్ళతోనూ ఇదే చిక్కు. ఇంగ్లీషువాడు శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాశాడు. బొబ్బిలి, సాలూరు 1979 జూన్ 1 దాకా శ్రీకాకుళం జిల్లా, తరువాత విజయనగరం. 2022లో సాలూరు పార్వతీపురం మన్యంలోకి పోయింది. ఒకే ఊరు, మూడు జిల్లాలు! పాత జనన పత్రంలో ఒకటి, కొత్త కాగితంలో ఇంకొకటి ఉంటే పరాయి దేశపు గుమాస్తాకు ఏం తెలుస్తుంది పాపం? జిల్లాల మార్పు ఉత్తర్వు నకలు ఒకటి జత చేసుకోండి.

జనన పత్రంలో పేరు గడి ఖాళీగా వదిలేసిన ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. ఏడాదిలోగా అయితే ఉచితంగా, పదిహేనేళ్ళ దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్పించవచ్చు. నిఖా జరిగితే ఖాజీ ఇచ్చిన ఉర్దూ కాగితంతో సరిపెట్టుకోవద్దు. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం వివాహ రిజిస్ట్రేషను తప్పనిసరి.

కేంద్రం 2017లో పెట్టిన ఆన్‌లైన్ ధ్రువీకరణ విధానం పేరు ఇ-సనద్. సనద్ మన మాటే. 1802లో జమీందార్లకు ఇచ్చిన పట్టాలను తెలుగువారు సన్నదులన్నారు. మాట ఎంత పాతదైనా అందులో పేరు సరిగ్గా పడాలి కదా.

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఒక మనవి. నామినల్ రోల్సు బోర్డుకు వెళ్ళకముందే జనన పత్రం, ఆధారు పట్టుకొని బడికి రండి. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు ఇంగ్లీషులో అక్షరం అక్షరం కలిపి చూద్దాం. పనికి పోయేవాళ్ళు ఆదివారం మా ఇంటికి వచ్చినా సరే.