మన పలక వయసెంత?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను భూగర్భ శాస్త్రం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. శాస్త్రం సంగతికి వచ్చే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ముందు వరుసలో కూర్చున్న మా సైన్సు మాస్టారికి అది నేను చాలా ఏళ్ల క్రితమే చెప్పాల్సింది.

తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో మార్కాపురం దగ్గర మా మేనమామ గారింటికి వెళ్లాను. పలకల గని పక్కన పనికిరాదని పారబోసిన రాళ్ల కుప్పలో ఒక ముక్క దొరికింది. దాని మీద నల్లగా, కొమ్మలు రెమ్మలుగా, చక్కని ఆకు ముద్ర. బడి తెరవగానే తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన పొంగిపోయారు. లైబ్రరీలో ఏదో పుస్తకం తిరగేసి, అందులో ఉన్న బొమ్మ అచ్చం ఇలాగే ఉందని నేనే చెప్పాను. ఆ బొమ్మ కింద మయోసీన్ అని ఉంది. మాస్టారు ఒక చీటీ మీద ‘ఆకు శిలాజం, మయోసీన్ యుగం, 2 కోట్ల సంవత్సరాలు’ అని రాసి అల్మరాలో పెట్టారు. ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడల్లా ముందు అదే చూపించేవారు. పక్కన నన్ను నిలబెట్టేవారు.

డిగ్రీలో చేరిన రెండో ఏడు నాకు తెలిసింది, అది ఆకు కాదు. దాన్ని డెండ్రైట్ అంటారు. రాతి చీలికల్లోకి మాంగనీసు కరిగిన నీరు ఇంకి, ఆరిపోయినప్పుడు ఆ ఖనిజం ఇలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. చూసినవాళ్లెవరైనా మొక్కే అనుకుంటారు. ఆ రాయిలోనే ఒక సాక్ష్యం ఉంది, అప్పుడు మాకు తోచలేదు. బురద పేరుకున్న పొర వేరు, పలక చీలే వాటం వేరు. సముద్రం అడుగున చేరిన బురద గట్టిపడి, తర్వాత భూమి ఒత్తిడికి నలిగితే అందులో కొత్త చీలిక వాటం పుడుతుంది. మార్కాపురం పనివాళ్లు ఉలి పెట్టి విప్పేది ఆ వాటాన్నే. ఆకు రాలి పడితే బురద పొర మీద పడాలి. మన ‘ఆకు’ చీలిక మీద ఉంది. అంటే రాయి పలకగా మారాక వచ్చిన మరక అది.

వయసు ఇంకా పెద్ద తప్పు. మార్కాపురం పలక రాయి కంభం పేరుతో పిలిచే శిలాశ్రేణిలోది. నల్లమలలో దాని విస్తీర్ణం చాలా ఎక్కువ. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే రైల్లో దిగువమెట్ట దాటాక చెలమ స్టేషను వస్తుంది, చాలామంది ఎక్కి ఉంటారు. అక్కడ ఇదే శ్రేణి రాళ్లను చీల్చుకుంటూ కింది నుంచి ఒక శిలాద్రవం పైకొచ్చి గడ్డకట్టింది. లాంప్రోయిట్ అనే అరుదైన రాయి. గోడను చీల్చిన మేకు గోడకన్నా తర్వాతిదే కదా. కాబట్టి ఆ మేకు వయసు తెలిస్తే, పలక రాయి అంతకన్నా పాతదని రూఢి అవుతుంది.

మేకు వయసు చెప్పేది అందులోని అభ్రకం. అభ్రకంలో పొటాషియం ఉంటుంది. దానిలో ఒక రకం, పొటాషియం-40, 125 కోట్ల ఏళ్లకు సగమవుతుంది. అలా తరిగిన దానిలో దాదాపు పదో వంతు ఆర్గాన్ వాయువుగా మారుతుంది, మిగతాది కాల్షియం అవుతుంది. రాయి కరిగి ఉన్నంతసేపూ ఆర్గాన్ బయటికి పోతుంది, చల్లబడ్డాక అభ్రకంలోనే చిక్కుకుంటుంది. చిక్కుకున్నదెంత, మిగిలిన పొటాషియం ఎంత అని కొలిస్తే చల్లబడిన కాలం లెక్కకొస్తుంది. చెలమ రాయికి వచ్చిన లెక్క సుమారు 140 కోట్ల ఏళ్లు.

నేల మీద మొక్కలు పుట్టిందే సుమారు 47 కోట్ల ఏళ్ల క్రితం. మన పలక బురదగా ఉన్న రోజుల్లో ఆకన్నదే లేదు. ఆ కాలపు జీవం చూడాలంటే కడప జిల్లా వేంపల్లె వైపు వెళ్లాలి. అక్కడి డోలమైటు రాళ్లలో సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టిన స్ట్రొమటోలైట్లు ఉన్నాయి.

చాలామంది నన్ను ‘కార్బన్ పరీక్ష చేయించారా?’ అని అడుగుతుంటారు. కార్బన్-14 సగమయ్యేది 5,730 ఏళ్లకే. 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. పలక రాయికి ఆ పరీక్ష పెట్టడమంటే మూరకర్రతో కంభం చెరువు లోతు చూడబోవడమే.

తమాషా ఏమిటంటే, తర్వాత నా ఉద్యోగమంతా ఆ మయోసీన్‌తోనే గడిచింది. కోస్తాకి అవతల సముద్రంలో చమురు బావులు తవ్వేచోట పనిచేశాను. అక్కడి రవ్వ క్షేత్రపు చమురు మధ్య మయోసీన్ ఇసుకరాళ్లలోదే. వాటి కిందికి వెళ్తే తొలి మయోసీన్, అంటే 2 కోట్ల 30 లక్షల నుంచి 1 కోటి 60 లక్షల ఏళ్ల నాటి పొరలు. మాకు అక్కడ ఎముకలూ ఆకులూ దొరకవు. బురదతో పైకొచ్చే రాతి నలుసుల్ని కడిగి, సూక్ష్మదర్శిని కింద ఇసుకరేణువంత గవ్వల్ని ఏరుకోవాలి. వాటిని ఫొరామినిఫెరా అంటారు. పై పొరల నలుసులు జారి కింది వాటితో కలిసిపోతుంటాయి. అందుకని ఒక జాతి ఎప్పుడు పుట్టిందన్నది బావిలో నమ్మలేం. పైనుంచి దిగుతూ అది మొదటిసారి ఎక్కడ కనబడిందో చూస్తాం. అది దాని చివరి తరం బతికిన పొర. రాత్రి రెండు గంటలకు ఆ గవ్వలు లెక్కపెడుతూ ఎన్నోసార్లు మన అల్మరాలోని చీటీ గుర్తు చేసుకున్నాను.

తెలిసిన మరుసటి సెలవుల్లోనే వచ్చి మాస్టారికి చెప్పాలని బయలుదేరాను. స్టాఫ్ రూము గుమ్మం దాకా వచ్చాను కూడా. ఆయన లోపల ఎవరికో ‘మావాడు పట్టుకొచ్చిన శిలాజం’ అని చెబుతున్నారు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాను.

మొన్న ఈ సభ కోసం ఫోను చేసినప్పుడు చెప్పేశాను. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘140 కోట్లా? మనం రాసింది మరీ తక్కువయిందిరా’ అన్నారు.

ఆ రాయి ఇంకా అల్మరాలోనే ఉందని ఇందాక చూశాను. కొత్త చీటీ నా జేబులో ఉంది, తెల్లగానే ఉంది. మాస్టారూ, అది మీరే రాయాలి. నా దస్తూరి అప్పటిలాగే ఉందండీ.