తాళంచెవి ఎవరికిస్తారు?
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్నాము. ఏ రాశికి ఎంత ఆదాయం, ఎంత వ్యయం అని శాస్త్రులవారు చదువుతుంటే, మనలో చాలామంది మనసులో ఒకే వ్యయం మెదిలి ఉంటుందని నా అనుమానం. అదే, ఊళ్ళో ఒక ఇల్లు. "ఎప్పటికైనా మన వైపు చిన్న ఇల్లు కొనుక్కోవాలి" అనని వలస కుటుంబం నాకింతవరకు తారసపడలేదు. ఆ కోరికను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను ఊళ్ళో ఇల్లు కొన్నవాణ్ణి. అంతకు ముందు ఒక ఇల్లు కొనబోయి తప్పించుకున్నవాణ్ణి. మాట్లాడడానికి ఆ రెండవదే పెద్ద అర్హత అనుకుంటాను.

మా ఊరు గుడియాత్తం. మన పెద్దలు రాయవేలూరు అని పిలిచిన వేలూరు నుంచి పడమరగా బస్సులో సుమారు గంట ప్రయాణం. పరదరామి దాటితే చిత్తూరు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మా తాలూకా ఉత్తర ఆర్కాటులోనే ఉండిపోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1960లో తిరుత్తణి చిత్తూరు నుంచి మద్రాసుకు మారింది, 2019లో వేలూరు జిల్లాను మూడు ముక్కలు చేశారు. మేము మాత్రం ఉన్నచోటనే ఉన్నాము. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. లుంగీల నేతకూ, అగ్గిపెట్టెలకూ, బీడీలకూ పేరుపడిన ఊరు. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ ఉప ఎన్నికలో నిలిచి శాసనసభకు వెళ్ళినది మా ఊరినుంచే. ఈ సంగతి మా వాళ్ళు ఇప్పటికీ నిన్న జరిగినట్లు చెబుతారు.

మీ ఊరు పలమనేరు కావచ్చు, హోసూరు కావచ్చు, అనకాపల్లి కావచ్చు. పేరు వేరైనా లెక్క ఒకటే గనుక మా ఊరి కథే చెబుతాను.

ఉద్యోగ విరమణ దగ్గరపడిన రోజులలో, 2018 మే నెలలో, గంగమ్మ శిరసు తిరునాళ్ళకు వెళ్ళాను. మన తిరుపతి గంగమ్మ జాతర జరిగే నెలలోనే మా ఊళ్ళోనూ అమ్మవారి శిరస్సును ఊరేగిస్తారు. కౌండిన్య నది ఎండి ఇసుక తేలి ఉన్నది. పిల్లలు అందులో క్రికెట్టు ఆడుతున్నారు. ఒడ్డు వీధిలో ఒక ఇల్లు అమ్మకానికి ఉన్నదని బ్రోకరు తీసుకుపోయి చూపించాడు. మూడు గదులు, పెరట్లో వేపచెట్టు, సాయంత్రమైతే గాలి. ధర తక్కినచోట్ల కంటే మూడోవంతు తక్కువ. నాకు చాలా నచ్చింది. అడ్వాన్సు ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టానంటే నమ్మండి.

పక్కింటి అరుగు మీద ఒక అవ్వ కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నది. నన్ను తెలుగులోనే పలకరించింది. "ఏమి నాయినా, కొంటా ఉండావా? కార్తీకంలో ఒకసారి వచ్చి చూసిపో. తర్వాత ఇయ్యి అడ్వాన్సు."

ఆ మాటతో చెయ్యి వెనక్కి తీసుకుని, ముందు కాగితాలు చూపించమన్నాను. ఇంటిపన్ను రసీదులు ముప్పై ఏళ్ళవి ఉన్నవి. కరెంటు కార్డు ఉన్నది. పట్టా మాత్రం లేదు. పన్ను రసీదు ఆ ఇంట్లో ఎవరు కాపురమున్నారో చెబుతుంది గాని నేల ఎవరిదో చెప్పదు. సర్వే నంబరు పట్టుకుని రెవెన్యూ లెక్కలు చూస్తే అది నది పోరంబోకు అని తేలింది. నేను విరమించుకున్నాను. చవకబేరం చేజార్చుకున్నానని మా వాళ్ళంతా నన్ను ఆక్షేపించారు.

కౌండిన్య పలమనేరు వైపు కొండలలో పుట్టి, మోర్ధానా ఆనకట్ట మీదుగా మా ఊరి నడుమనుంచి పోయి పాలారులో కలుస్తుంది. మా ప్రాంతానికి పెద్ద వానలు వచ్చేది ఈశాన్య ఋతుపవనంతో, అంటే అక్టోబరు మొదలు డిసెంబరు దాకా. 2021 నవంబరులో ఆనకట్ట నిండి పొర్లింది. మే నెలలో పిల్లలు క్రికెట్టు ఆడిన ఇసుక మీద నది ఒడ్డులు ఒరుసుకుని పారింది. ఒడ్డు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినవి, జనాన్ని శిబిరాలకు తరలించారు. నేను చూసిన ఇల్లు కూడా నీట మునిగింది. తరువాత ఆక్రమణల తొలగింపులో ఆ వరుసే లేకుండా పోయింది.

మరుసటి ఏడు వెళ్ళి అవ్వకోసం విచారించాను. రెండు వీధుల అవతల కూతురి అద్దె వాటాలో ఉన్నది. "నీకు అన్నీ తెలుసు కదా అవ్వా, మరి నువ్వెందుకు అక్కడ ఉన్నావు?" అని అడిగాను. "కొనేదానికి నీకు వేరే చోటు ఉంది నాయినా. ఉండేదానికి నాకు యాడుంది?" అన్నది. అయ్యా, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చవక ఇల్లు అని మనం మురిసిపోయే దాని వెనుక ఎవరికో గత్యంతరం లేకపోవడం ఉంటుందని అప్పుడు తెలిసింది.

ఇక నేను నేర్చుకున్నవి చెబుతాను. మొదటిది, ఇంటిని వైశాఖంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి చూడండి. వేలూరు ఎండలూ తెలియాలి, నదీ తెలియాలి. వీలైతే ఒక సంవత్సరం అద్దెకు ఉండండి. కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందో, వానకు వీధి నీళ్ళు ఎటు పోతాయో అద్దెకున్నవాడికి తెలిసినట్లు బ్రోకరు ఎప్పుడూ చెప్పడు.

రెండవది, కాగితాలు. పట్టా, మూల దస్తావేజు, కనీసం ముప్పై ఏళ్ళ ఈ.సీ. చూడాలి. ఈ.సీ.ని అక్కడ విల్లంగ సర్టిఫికెట్టు అంటారు. ఇప్పుడు చాలావరకు ఇంటర్నెట్టులోనే దొరుకుతుంది, కాని ఉండేది తమిళంలో. మన పిల్లలకు తెలుగే రాయడం రావడం లేదు, ఇక తమిళం చెప్పనక్కరలేదు. చదివి చెప్పే వకీలును ముందే చూసుకోండి. కొత్త లేఅవుటులో స్థలమైతే ప్రభుత్వ ఆమోదం ఉన్నదా అని అడగండి. ఆమోదం లేని స్థలాల రిజిస్ట్రేషన్‌కు 2016లో అడ్డుకట్ట పడింది. పవరాఫ్ అటార్నీ కాగితంతో ఇల్లు మనదైపోదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది. విదేశాలలో స్థిరపడి అక్కడి పౌరులైన మన పిల్లలు ఇల్లు కొనవచ్చు గాని వ్యవసాయ భూమి కొనరాదు. "పొలమే గాని ఇల్లు కట్టుకోవచ్చులే" అనే మాటకు వారు లోబడకూడదు.

పిత్రార్జితమైన ఇల్లయితే అమ్మేవాడి అక్కచెల్లెళ్ళ సంతకాలు అడగండి. కూతుళ్ళకు సమాన హక్కు ఆంధ్రలో 1986లో, తమిళనాడులో 1989లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. "మా చెల్లెలు ఏమీ అనదు" అని అమ్మేవాడు అంటే, ఆ ఏమీ అనని చెల్లెలినే వచ్చి సంతకం చేయమనండి. ఆమె హక్కు పోకుండా ఉంటుంది, మీకు కోర్టు తప్పుతుంది.

మూడవది, ఖర్చు. తమిళనాడులో స్టాంపు సుంకం నూటికి 7, రిజిస్ట్రేషన్ రుసుము 2023 ఏప్రిల్ 1 నుంచి నూటికి 2. ఇరవై లక్షల ఇంటికి లక్షా ఎనభైవేలు వేరే తీసిపెట్టుకోవాలి. పది లక్షల లోపు ఆస్తి స్త్రీల పేర రాయిస్తే రుసుములో నూటికి ఒకటి తగ్గింపు 2025 ఏప్రిల్ 1 నుంచి ఇచ్చారు. ఇంటి ఇల్లాలి పేర రాయించడానికి ఇదొక మంచి సాకు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట చివరికి ఉంచాను. వేలూరు కోటలో జలకంఠేశ్వరాలయం మీలో చాలామంది చూసి ఉంటారు. ఆసుపత్రికి వచ్చిన మనవాళ్ళు ఆ కోట చూడకుండా పోరు. అంత శిల్పసంపద గల ఆ గుడి ఎన్నో తరాలు దేవుడు లేని గుడిగా ఉండిపోయింది. 1981లో మళ్ళీ లింగాన్ని ప్రతిష్ఠించారు, అప్పటినుంచి దీపం వెలుగుతున్నది. మనం ఊళ్ళో కొని తాళంవేసి వచ్చే ఇళ్ళు చూస్తే నాకు ఆ గుడి గుర్తుకు వస్తుంది. రెండేళ్ళకొకసారి వెళ్ళి చెదలు దులిపి, గబ్బిలాలను తరిమి, "మన ఇల్లు" అనుకుని తిరిగి వస్తాము. వీధివాళ్ళకు మాత్రం అది ఒక చీకటి గుమ్మం.

కనుక ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి. నేను ఇక్కడ లేని రోజులలో ఈ తాళంచెవి ఎవరికిస్తాను? ఒక్క మనిషి కూడా తోచకపోతే ఆ ఇల్లు ఎంత చవకైనా కొనకండి. ముందు ఆ మనిషిని సంపాదించుకోండి. తిరునాళ్ళకు వెళ్ళండి, పెళ్ళికీ చావుకూ వెళ్ళండి, పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. ఇల్లు తరువాత కొనవచ్చు.

నేను ఒక ఏడాది అద్దెకుండి, 2023లో నేతపనివారి వీధిలో రెండు గదుల ఇల్లు కొన్నాను. నదికి దూరం, గాలి తక్కువ, ధర ఎక్కువ. ఏడాదిలో ఆరు నెలలు అక్కడ ఉంటాము. తక్కిన ఆరు నెలలూ తాళంచెవి ఆ అవ్వ దగ్గర ఉంటుంది. "ముందు గదిలో ఉండరాదా" అని అడిగాము. కూతురిని విడిచి రానన్నది. కాని రోజూ సందెవేళ వచ్చి, తలుపు తీసి, గడప దగ్గర దీపం పెట్టి పోతుంది. కుళాయిలో నీళ్ళు రాకపోతే మాకు ఫోనుచేసి, తప్పు మాదే అన్నట్లు కేకలేస్తుంది.

శాస్త్రులవారు చెప్పిన ఆదాయ వ్యయాల పట్టీలో ఆ కేకలను నేను ఆదాయం కిందనే వ్రాసుకున్నాను. మీ అందరి పట్టీలలోనూ అట్టి ఆదాయం ఉండుగాక.