రొద తక్కువ ట్రాన్సిస్టరు ఎప్పుడు కావలెను?

హామ్ రేడియో శ్రోతలు కొందరు, ప్రీయాంప్లిఫయరుకు సంకేతమును మిక్కిలి పెంచు ట్రాన్సిస్టరే మేలని తలంతురు. మేమట్లు తలంపము. అది సంకేతముతోబాటు రొదను కూడ పెంచును. తన సొంత రొదను అదనముగా చేర్చును. మొదటి అంచె తగినంత పెంచునదైనచో, రిసీవరు రొదలో దానిదే ప్రధాన భాగమని 1944లో హెరాల్డ్ ఫ్రీస్ ఇచ్చిన సూత్రము తెలుపుచున్నది.

అయినను 7 మెగాహెర్ట్జ్ వద్ద మెరుపుల రొద, ఊరి విద్యుత్తు రొద ట్రాన్సిస్టరు రొదను మించును. అచ్చట బలమైన స్టేషన్ల తాకిడికి ఓర్చు ట్రాన్సిస్టరే ముఖ్యము. 144 మెగాహెర్ట్జ్ వద్ద బయటి రొద చాల తగ్గును. 1 డెసిబెల్ లోపు రొద గల ఫెట్ అక్కరకు వచ్చును. దానిని ఏరియల్ చెంతనే అమర్చవలెను. ముందున్న కేబుల్‌లో 3 డెసిబెల్‌లు పోయినచో, ఆ మూడును రొద లెక్కలో చేరును.

కొనుటకు ముందొక పరీక్ష చేయుడు. ఏరియల్ తీసి, దాని స్థానమున 50 ఓముల రెసిస్టరు తగిలించి వినుడు. హోరు బాగుగా తగ్గినచో ఆ రొద బయటిది. కొత్త ట్రాన్సిస్టరు దానిని మాన్పలేదు. తగ్గనిచో రొద రిసీవరుదే. అప్పుడు దానికై వెచ్చించిన రూపాయి దండుగ కాదు.