28 ఏళ్ల ఎడబాటు



1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు, దక్షిణ ఇండియా ఐక్య సంఘము కలిసి సి.ఎస్.ఐ. అయ్యాయి. మన ఆత్మకూరుకు పొరుగున నంద్యాల ఆంగ్లికన్లలో అనేకులు చేరలేదు. బిషప్పు చేతి అభిషేకము లేని బోధకులను అంగీకరించుట వారికి కష్టమైంది. 1975లో గాని కలవలేదు. 28 ఏళ్లు! అయినా వారు నమ్మినదాని కోసం ఆగారు. మనమో? కుర్చీ కోసం, కానుకల లెక్క కోసం విడిపోతున్నాము.

ఒక తల్లి భూస్థాపన దగ్గర, వేరు వేరు సంఘాలకు వెళ్లే ఆమె కుమారులు ఎవరి పాస్టరు ప్రార్థించాలని తగవు పడ్డారు. శవపెట్టె ఎండలోనే ఉంది. ఆ పాస్టర్లలో ఒకడిని నేనే. సిలువకు ముందు యేసు మన ఏకత్వము కొరకు చేసిన ప్రార్థన, యోహాను 17వ అధ్యాయము, ఎన్నిసార్లు బోధించానో! "అయ్యగారూ, మీరే చేయండి" అనుటకు మాత్రం ఆత్మబలము కావలసి వచ్చింది. ఆయన ప్రార్థించారు. నేను ఆమేన్ అన్నాను.