బంతి చేతికొచ్చింది, మరి పగ్గాలు?

(కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల మీద జరిగే సమావేశంలో అమెరికా బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. నవ్వడం సబబే. కానీ పోయినసారి మనం కలిసినప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. "చిన్న చిన్న మహిళా సంఘాలుగా ఎందుకుండాలి? పెద్ద సంస్థలో కలిసిపోతే నిధులొస్తాయి, ఆఫీసొస్తుంది, జీతాలొస్తాయి. పోయేదేముంది?" అని ఒకరు అడిగారు. ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికెళ్ళాక నాకు గుర్తొచ్చింది ఈ కథే. ఊరూ పేరూ లేని చిన్న కాలేజీల ఆడపిల్లలు, వాళ్ళ కోచ్‌లు కలిసి ఒక ఆటను నిలబెట్టారు. హక్కు వచ్చింది. హక్కు వెంట డబ్బొచ్చింది. డబ్బు వెంట ఆట పగ్గాలు వేరే చేతుల్లోకి పోయాయి. ఇదంతా ఒక్క పదేళ్ళలో జరిగింది.

ఈ ఆట మీద నాకు కొంత మమకారం కూడా ఉంది. నేను డిగ్రీ చదివిన మహిళా కాలేజీలో ఒక మట్టి కోర్టు, వలలు లేని రెండు రింగులు ఉండేవి. చున్నీ నడుముకి బిగించి కట్టుకుని ఆడేవాళ్ళం. వేరే ఊరికి పోటీలకెళ్ళాలంటే ప్రిన్సిపాల్ అనుమతికన్నా బస్సు చార్జీలే పెద్ద సమస్య. మా పి.డి. మేడమ్ చాలాసార్లు తన పర్సులోంచే తీసి ఇచ్చేవారు. అందుకే ఈ కథ మొదటిసారి చదివినప్పుడు పరాయి కథలా అనిపించలేదు.

బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టింది. మరుసటి ఏడాదే అక్కడి స్మిత్ అనే మహిళా కాలేజీలో సెండా బెరెన్సన్ అనే వ్యాయామ ఉపాధ్యాయిని దాన్ని ఆడపిల్లలకి నేర్పారు. నేర్పుతూ నేర్పుతూనే నియమాలు మార్చారు. కోర్టుని మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్ళే ఉండాలన్నారు. ఎదుటివాళ్ళ చేతిలోంచి బంతి లాక్కోకూడదన్నారు. ఎక్కువ పరిగెడితే ఆడవాళ్ళ ఆరోగ్యం చెడుతుందనీ, ఆడతనం పోతుందనీ సమాజంలో ఉన్న భయాలతో రాజీపడితే తప్ప ఆ రోజుల్లో ఆట సాగేది కాదు. రాజీ పడినా అన్నిచోట్లా సాగలేదు. మిసిసిపీ రాష్ట్రంలో డెల్టా స్టేట్ అనే చిన్న కాలేజీ ఉంది. ఆడపిల్లలకి ఇది మరీ శ్రమతో కూడిన ఆట అని 1932లో అక్కడి జట్టును రద్దు చేశారు. ఆ జట్టులో ఆడుతున్న మార్గరెట్ వేడ్, ఆమె స్నేహితురాళ్ళు ఏడ్చి, తమ ఆట దుస్తులు తగలబెట్టారట. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

పూర్తి కోర్టులో అయిదుగురేసి ఆడే పద్ధతి కాలేజీ ఆడపిల్లలకి 1971లో స్థిరపడింది. ఆ ఏడాదే మహిళా వ్యాయామ అధ్యాపకులు తమకంటూ ఒక సంస్థ పెట్టుకున్నారు. దాని పేరు ఏ.ఐ.ఏ.డబ్ల్యు. కాలేజీ స్త్రీల క్రీడలకి స్త్రీలే నియమాలు రాసి, స్త్రీలే నడిపిన సంస్థ అది. పురుషుల క్రీడల్ని నడిపే ఎన్.సి.ఏ.ఏ. అనే పెద్ద సంస్థ అప్పటికి ఆడపిల్లల ఆటలవైపు చూడనైనా చూడలేదు.

ఏ.ఐ.ఏ.డబ్ల్యు. 1972లో మొదటి జాతీయ బాస్కెట్‌బాల్ పోటీ పెట్టింది. గెలిచింది ఏ పెద్ద యూనివర్సిటీయో కాదు. పెన్సిల్వేనియాలో కాథలిక్ సిస్టర్లు నడిపే ఇమ్మాక్యులేటా అనే చిన్న మహిళా కాలేజీ. వాళ్ళ ఆటల భవనం 1967లో కాలిపోయింది. కోచ్ కేథీ రష్‌కి అప్పటికి ఇరవై అయిదేళ్ళైనా లేవు. ఆమె జీతం ఏడాదికి 450 డాలర్లు. పిల్లలు ఊలు గౌన్లలాంటి దుస్తులు వేసుకుని ఆడేవారు. జాతీయ పోటీకెళ్ళడానికి టూత్‌బ్రష్షులమ్మి డబ్బు పోగు చేశారు. అదీ చాలక ఎనిమిదిమందే వెళ్ళగలిగారు. పదహారు జట్లలో వాళ్ళకిచ్చిన స్థానం పదిహేనోది. అంతకుముందే ప్రాంతీయ పోటీలో తమని 32 పాయింట్ల తేడాతో చిత్తు చేసిన వెస్ట్ చెస్టర్ జట్టునే ఫైనల్లో 52-48తో ఓడించారు. 1973లో, 1974లో మళ్ళీ వాళ్ళే గెలిచారు. ఒక క్రీడాకారిణి తండ్రికి ఇనప సామాన్ల కొట్టు ఉండేది. ఆయన తెచ్చిన బకెట్లు వాయిస్తూ సిస్టర్లు గ్యాలరీల్లో హోరెత్తించేవారు.

మరి ఇంత మంచి క్రీడాకారిణులు ఈ చిన్న కాలేజీకి ఎలా వచ్చారు? ఎవరూ వెతికి తెచ్చుకోలేదు. జట్టుకి మూలస్తంభమైన థెరిసా షాంక్ వేరే రాష్ట్రంలో చదవాలనుకుంది. వాళ్ళ ఇల్లు కాలిపోవడంతో ఊరికి దగ్గరగా ఉండే కాలేజీలో చేరింది. ఇంటి నుంచి వచ్చిపోయే దూరంలో ఉందని, తెలిసిన సిస్టర్లున్నారని చేరినవాళ్ళే ఎక్కువ. స్కాలర్‌షిప్పులు లేవు. అవి ఇవ్వకూడదనే ఏ.ఐ.ఏ.డబ్ల్యు. నియమం.

ఈ నియమం దగ్గర కాస్త ఆగాలి. పురుషుల క్రీడల్లో జరిగేది ఈ అధ్యాపకులు చూశారు. హైస్కూలు పిల్లల చుట్టూ కోచ్‌లు తిరగడం, ఆశలు పెట్టడం, మోకాలు దెబ్బతింటే వదిలేయడం, డిగ్రీ లేకుండా బయటికి పంపడం. ఆడపిల్లల్ని ఆ సంతలోకి దించకూడదని వాళ్ళ ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ తమకి ఉద్యోగాలున్న మధ్యతరగతి స్త్రీల ఉద్దేశం. ఆటనిబట్టి చదువుకునే అవకాశం మగపిల్లాడికుండి, ఆడపిల్లకి లేకపోతే నష్టపోయేది ఎవరు? ఫ్లారిడాలో మేరీమౌంట్ అనే మరో చిన్న కాలేజీలో వ్యాయామ శాఖ నడిపే ఫెర్న్ కెల్‌మేయర్, కొందరు టెన్నిస్ క్రీడాకారిణులతో కలిసి 1973లో కోర్టుకెక్కారు. స్కాలర్‌షిప్పు తీసుకున్నామని మమ్మల్ని పోటీల నుంచి తప్పించడం వివక్ష అన్నారు. ఏ.ఐ.ఏ.డబ్ల్యు. ఆ ఏడాదే నియమం మార్చుకుంది. స్త్రీల సంస్థ మీద స్త్రీలే వేసిన దావా ఇది. నా దృష్టిలో న్యాయం ఆ ఆడపిల్లల పక్షానే ఉంది.

వాళ్ళ చేతికి బలమైన ఆయుధం ఇచ్చింది 1972 జూన్‌లో వచ్చిన చట్టం. దాన్ని టైటిల్ నైన్ అంటారు. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ లింగ వివక్ష కూడదని ముప్పై ఏడు మాటల్లో చెప్పే చట్టం. అందులో ఆటల ఊసే లేదు. కానీ దాన్ని పట్టుకునే ఆడపిల్లలు బంతి, కోర్టు, కోచ్, ప్రయాణ ఖర్చులు అడిగారు. చట్టానికి ముందు కాలేజీ జట్లలో ఆడే అమ్మాయిలు సుమారు 30 వేలమంది. ఈనాడు రెండు లక్షలు దాటారు. ఈ ఫలితాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు డెల్టా స్టేట్‌కి వద్దాం. 1973లో ఆ కాలేజీ జట్టును మళ్ళీ ప్రారంభించి, కోచ్‌గా మార్గరెట్ వేడ్‌నే పిలిచింది. దుస్తులు తగలబెట్టిన అమ్మాయి నలభై ఏళ్ళ తర్వాత అదే కాలేజీకి తిరిగొచ్చింది. 1975లో ఒక్క ఆటా ఓడకుండా వచ్చి, ఫైనల్లో ఇమ్మాక్యులేటాని 90-81తో ఓడించి, వరసగా మూడేళ్ళు జాతీయ విజేతగా నిలిచింది. ఆ జట్టుకి ప్రాణం లూసియా హారిస్. పంటలో వాటాకి పరాయి భూమి దున్నే నల్లజాతి కుటుంబంలో పుట్టి, పత్తి ఏరిన పిల్ల. ఆ జట్టులో ఒకే ఒక్క నల్లజాతి అమ్మాయి. 1976లో ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీల బాస్కెట్‌బాల్ పెట్టినప్పుడు మొట్టమొదటి పాయింట్లు వేసింది ఈమే. ఆ పోటీల్లో వాళ్ళ జట్టుకి వెండి పతకం వచ్చింది. 1977లో పురుషుల ప్రొఫెషనల్ జట్టొకటి ఆమె పేరు ఎంపికల్లో పిలిచింది. అప్పటికామె గర్భవతి, ఒప్పుకోలేదు. స్త్రీలకి అప్పుడు అక్కడ ప్రొఫెషనల్ లీగే లేదు. తర్వాత వచ్చిన ఒక లీగు మూడేళ్ళకే మూతపడింది. ఆమె తాను చదివిన స్కూల్లోనే టీచరైంది. మానసిక అనారోగ్యంతో చాలాకాలం పోరాడింది. 2022 జనవరిలో చనిపోయింది. రెండు నెలల తర్వాత ఆమె మీద తీసిన చిన్న డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. స్త్రీల ఆట అని ఒక్క మాటలో అంటాం కానీ, అందులో పేదరికం, జాతి, మాతృత్వం ఎవరి మీద ఎంత బరువు మోపాయో ఈ ఒక్క జీవితం చెబుతుంది.

1975లోనే ఇమ్మాక్యులేటా ఆట టెలివిజన్‌లో దేశమంతా ప్రసారమైంది. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాళ్ళ ఆట చూడటానికి సుమారు 12 వేలమంది వచ్చారు. చూసేవాళ్ళున్నారని తేలింది. అప్పుడు పెద్ద సంస్థకి ఆసక్తి పుట్టింది. టైటిల్ నైన్ క్రీడలకి వర్తించకూడదని 1976లో కోర్టుకెళ్ళిన ఎన్.సి.ఏ.ఏ.నే, 1981-82లో స్త్రీలకి తానే జాతీయ పోటీలు మొదలుపెట్టింది. జట్ల ప్రయాణ ఖర్చులు మేమే భరిస్తాం, టీవీలో చూపిస్తాం అంది. ఖర్చులకి టూత్‌బ్రష్షులమ్ముకున్న వాళ్ళకి ఇది ఎంత పెద్ద మాటో మనకి తెలుసు. కాలేజీలు ఒకటొకటిగా అటు వెళ్ళాయి. 1982లో ఏ.ఐ.ఏ.డబ్ల్యు. తన చివరి బాస్కెట్‌బాల్ పోటీ జరిపింది. గెలిచిన రట్జర్స్ జట్టు కోచ్ థెరిసా గ్రెంట్జ్. అంటే మన థెరిసా షాంకే. అంతటితో ఆ సంస్థ మూతపడింది. అది వేసిన దావా కూడా ఓడిపోయింది.

పోయిందేమిటో లెక్క చూద్దాం. 1972లో కాలేజీ స్త్రీల జట్లలో నూటికి తొంభైకి పైగా కోచ్‌లు స్త్రీలే. 2014 నాటికి నూటికి 43మంది. ఎలా జరిగింది? జీతం 450 డాలర్లున్నంతకాలం ఆ ఉద్యోగం ఆడవాళ్ళదే. జీతం పెరిగాక మగవాళ్ళు దరఖాస్తు పెట్టారు. అదే సమయంలో వేరువేరుగా ఉన్న స్త్రీల, పురుషుల క్రీడా శాఖల్ని ఒకటి చేశారు. పై కుర్చీలో పురుషుడు కూర్చున్నాడు. అంతకుముందు తన శాఖ తానే నడిపిన స్త్రీ సహాయకురాలైంది. ఎంపిక చేసేవాళ్ళు తమకి తెలిసినవాళ్ళనే తీసుకున్నారు. ఎంతమంది అమ్మాయిలకి ఆడే అవకాశమిచ్చారని లెక్క అడిగే పద్ధతి వచ్చింది. నిర్ణయాలు ఎవరు చేస్తున్నారని అడిగే పద్ధతి రాలేదు.

ఇమ్మాక్యులేటా పిల్లల్లో చాలామంది కోచ్‌లయ్యారు. వాళ్ళలో మరియాన్ స్టాన్లీ జాతీయ పోటీలు గెలిపించిన కోచ్. 1993లో ఒక పెద్ద యూనివర్సిటీలో, పురుషుల జట్టు కోచ్‌తో సమానంగా జీతమివ్వమని అడిగింది. ఉద్యోగం పోయింది. దావా వేసి ఓడిపోయింది. ఇంకొకరు రెనీ పోర్ట్‌లాండ్. ఆమె లెస్బియన్ క్రీడాకారిణుల పట్ల వివక్ష చూపిందని 2006లో ఆమె పనిచేసే యూనివర్సిటీ విచారణే తేల్చింది. మరుసటి ఏడాది రాజీనామా చేసింది. కుర్చీలో స్త్రీ ఉంటే చాలదని మనం గుర్తుపెట్టుకోడానికి ఇది కూడా చెబుతున్నాను.

మరి ఇప్పుడు? 2021లో జాతీయ పోటీలకొచ్చిన మగపిల్లలకి పెద్ద వ్యాయామశాల ఏర్పాటు చేసి, ఆడపిల్లలకి కొద్దిపాటి డంబెల్స్ పెట్టారు. ఒక క్రీడాకారిణి దాన్ని వీడియో తీసి బయటపెట్టింది. 2024 ఫైనల్‌ని అమెరికాలో సుమారు కోటీ 89 లక్షలమంది చూశారు. పురుషుల ఫైనల్ కన్నా ఎక్కువమంది చూడటం అదే మొదటిసారి. గెలిచిన జట్టు కోచ్ డాన్ స్టేలీ అనే నల్లజాతి స్త్రీ. 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు, కాలేజీ మారడమూ సులువైంది. అమ్మాయిల చేతికి డబ్బు రావడం మంచిదే. చిన్న కాలేజీ తయారుచేసిన మెరుగైన పిల్ల మరుసటి ఏడాది పెద్ద యూనివర్సిటీలో తేలుతోంది. డెల్టా స్టేట్ రెండో శ్రేణిలో ఆడుతోంది. ఇమ్మాక్యులేటా 2005లో మగపిల్లల్నీ చేర్చుకుంది. ఆటకి స్కాలర్‌షిప్పులివ్వని మూడో శ్రేణిలో ఉంది. 2014లో ఆ పాత జట్టుకి ప్రఖ్యాతుల మందిరంలో చోటిచ్చారు. చోటు దొరికింది గౌరవంలో. నియమాలు రాసే బల్ల దగ్గర కాదు.

కనుక పోయినసారి అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. కలవకూడదని నేననను. బస్సు చార్జీలు లేని సంఘం తన పేదరికాన్ని సుగుణంగా చెప్పుకోనక్కరలేదు. ఏ.ఐ.ఏ.డబ్ల్యు. చేసిన ఆ పొరపాటును పేద పిల్లలే భరించారు. కానీ కలిసేముందే కొన్ని సంగతులు కాగితం మీద రాయించుకోవాలి. కమిటీలో మనవాళ్ళు ఎంతమంది? ఖర్చు మీద సంతకం ఎవరిది? ఉద్యోగులను ఎంపిక చేసేది ఎవరు? పొసగకపోతే బయటికొచ్చే దారుందా, మన రికార్డులు, మన సభ్యుల జాబితా మనతో వస్తాయా? నిధుల మొత్తం ఎంతని అడిగేముందు ఈ నాలుగూ అడగండి.

మధ్యాహ్నం చర్చలో మీ మీ సంఘాల అనుభవాలు చెప్పండి. ఇప్పటికే ఏదైనా పెద్ద సంస్థలో కలిసినవాళ్ళు ముందు మాట్లాడితే బాగుంటుంది.