చూసి గియ్యి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు అయిపోయినప్పటి నుంచి సున్నపురాయి, సిమెంటు తప్ప మరో లోకం తెలియనివాణ్ణి. మన ప్రాంతమే నాపరాళ్ల సీమ కాబట్టి అందులో వింతేమీ లేదు. ఈ రోజు మాత్రం ఆవగింజంత నత్త గురించి రెండు మాటలు చెప్పుకుంటాను.

తొమ్మిదో తరగతిలో జీవశాస్త్రం సారు నత్త బొమ్మ గీసుకు రమ్మన్నారు. నేను ఊహతో గీసేశాను. సారు ఏమీ అనకుండా తోటలోంచి ఒక నత్తగుల్ల తెచ్చి నా బెంచీ మీద పెట్టారు. మొన పైకి, నోరు మన వైపు ఉండేలా పట్టుకుంటే ఆ గుల్ల నోరు కుడిపక్కన ఉంది. చాలా నత్తలకు అంతే. నా బొమ్మలో ఎడమపక్కన ఉంది. "చూసి గియ్యరా" అన్నారు. ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు.

2016లో కుటుంబంతో మేఘాలయ వెళ్లాం. చిరపుంజి దగ్గర మాస్మాయ్ గుహ ఉంది. లోపల కరెంటు దీపాలు, ముందూ వెనుకా యాత్రికులు. మా ఆవిడ, పిల్లలు రాతి ఆకారాలు చూస్తుంటే, నేను గోడ తడిమి "మంచి గ్రేడు రాయి" అన్నాను. అంతకుమించి నాకేమీ కనబడలేదు.

2021లో అదే గుహ నుంచి ఒక కొత్త నత్త జాతిని వర్ణించారని చదివి ఉలిక్కిపడ్డాను. బెంగళూరులోని ఏట్రీ పరిశోధన సంస్థకు చెందిన నిపు కుమార్ దాస్, అరవింద్ గార్లు ఆ పని చేశారు. నత్త పరిమాణం రెండు మిల్లీమీటర్లలోపే. దానికి ఆ గుహ పేరే పెట్టారు: జియోరిస్సా మాస్మాయెన్సిస్.

కొత్త జాతి అని తేల్చడం ఎలాగో తెలుసుకుంటే, మన క్వాలిటీ కంట్రోలు దాని ముందు చిన్నదనిపించింది. గుల్లను మైక్రోస్కోపు కింద పెట్టి కొలవాలి. చుట్లు, గీతలు, నోటి ఆకారం రాసుకోవాలి. ఇంతకుముందు ఎవరో వర్ణించిన దగ్గరి జాతులన్నిటితో పోల్చాలి. ఈ నత్తకు దగ్గరి చుట్టం జియోరిస్సా సారిట్టా. దాన్ని 1851లో, అంటే అప్పటికి 170 ఏళ్ల ముందు, బెన్సన్ అనే ఆయన వర్ణించారు. దాని చివరి చుట్టు మీద ఏడు గీతలైతే, దీనికి బాగా ఉబ్బెత్తుగా నాలుగే. ఇలాంటి తేడాలన్నీ కాగితం మీద పెట్టి, ఒక గుల్లను 'ఇదే ప్రమాణం' అని సంగ్రహాలయంలో భద్రపరచాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా ఆ గుల్లతో పోల్చి చూసుకోవచ్చు. మన మీటరు బద్ద లాంటిదన్నమాట.

ఇక్కడ నా సంగతి ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గుట్టకు క్వారీ నివేదిక రాశాను. రాయి కోసం ఇరవై చోట్ల డ్రిల్లింగ్ చేయించాను. జంతువుల గురించి అడిగిన గడిలో 'చెప్పుకోదగ్గవి లేవు' అని రాసి సంతకం పెట్టాను. ఒక్క రాయి కూడా తిరగేసి చూడలేదు. ఆ గుట్ట ఇప్పుడు లేదు. అక్కడ ఏముండేదో చెప్పగలిగేవాళ్లూ ఎవరూ లేరు.

నత్త గుల్ల కట్టుకునేది సున్నంతోనే, మనం బట్టీలో వేసేదీ ఆ సున్నపురాయినే. అందుకే చిన్న నత్తలు సున్నపురాయి గుట్టల్లో ఎక్కువ. కొన్ని జాతులకు ఒకే గుట్ట లోకం. మలేషియాలో బుకిట్ పంచింగ్ అనే గుట్టను క్వారీ తినేసింది. దానితోపాటు అక్కడ తప్ప మరెక్కడా లేని ఒక నత్త జాతి అంతరించింది. ఆ నత్తకు అప్పటికే పేరు ఉంది కాబట్టి పోయిందని లోకానికి తెలిసింది. పేరు లేనిది పోతే పోయిన లెక్కలో కూడా ఉండదు. అదే దేశంలో 2014లో మరో గుట్ట మీద దొరికిన నత్తకు, అక్కడ రాయి తీస్తున్న సిమెంటు కంపెనీ పేరే పెట్టారు. దీని బతుకు మీ చేతిలో ఉందని గుర్తుచేయడానికట! ఆ ఉపాయం నాకు భలే నచ్చింది.

సిమెంటు మానేద్దామని నేననను. ఈ బడి కప్పు కూడా సిమెంటే. మందు పెట్టి పేల్చే ముందు ఒకసారి వంగి చూద్దామంటున్నాను. మనకు బెలుం గుహలున్నాయి, ఊరి చుట్టూ నాపరాతి గుట్టలున్నాయి. అక్కడ ఏమేం బతుకుతున్నాయో చూడటానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మా బ్యాచ్ తరఫున బడికి నలభై భూతద్దాలు, రెండు మైక్రోస్కోపులు ఇస్తున్నాం. బీరువాలో పెట్టి తాళం వేయవద్దని హెడ్‌మాస్టరు గారికి మనవి. పగిలితే మళ్లీ కొనిస్తాం.

సారూ, మీరు ముందు వరసలోనే కూర్చున్నారు. నిన్న రాత్రి ఆ నత్త బొమ్మ మళ్లీ గీశాను. ఈసారి గుల్లను ఎదురుగా పెట్టుకుని, చూసి గీశాను. సభ అయ్యాక దిద్దిపెట్టండి.